రెడ్డెమ్మకిచ్చిన రాగిపిండి

నవంబరు 3, సోమవారం

పాప రక్తపరీక్ష కాగితం వచ్చింది. హిమోగ్లోబిన్ ఎనిమిదిన్నర. స్కూల్లో ప్రార్థన మధ్యలో కళ్లు తిరిగి పడిందంటే ఎండకేమో అనుకున్నాను. నవంబరులో, మదనపల్లెలో, పొద్దున్నే ఎండేమిటి... నా తెలివి.

డాక్టరమ్మ మాత్రలు రాసింది. కింద ఇంకో వరుస రాసింది — రాగి సంగటి, మునగాకు, ఉలవలు, గుడ్డు, వేరుశెనగలు బెల్లం. వేరే ఏం వండక్కర్లేదు, రోజూ తినే తిండిలోనే ఇవి చేర్చండి అంది. తినగానే టీ వద్దంది, పప్పులో నిమ్మకాయ పిండమంది. ఇంట్లో రాగిపిండి ఉందా అని అడిగింది. తలూపాను. నిలువునా అడ్డంగానా, నాకే తెలియదు.

నవంబరు 4

ఇంట్లో రాగిపిండి లేదు. ఉండాల్సింది. రామకుప్పం పక్క పల్లె నుంచి అత్త మూడేళ్లుగా పంపిస్తూనే ఉంది. నెలకో సంచి, మదనపల్లెకు వచ్చేవాళ్ల చేత. తన చేలో పండిన రాగులు ఆడించిన పిండి, కాగితంలో చుట్టిన ఎండు మునగాకు, ఒక్కోసారి ఉలవలు. డాక్టరమ్మ చీటీ మీదవన్నీ ఆ సంచిలోనే వచ్చేవి.

సంచి వచ్చిన మర్నాడే పాలు పోసే రెడ్డెమ్మ చేతిలో పెట్టేస్తాను. ఆవుకు కలిపి పెట్టుకోమని.

రాశాను. ఇన్నాళ్లకు ఒకచోట రాశాను.

నవంబరు 5

సంగటి తెలియని ఇంట్లో పుట్టలేదు నేను. పుంగనూరులో మా ఇంట్లో రోజూ అదే. కాకపోతే నాన్న బట్టల షాపు పెట్టాక, చుట్టాలెవరైనా గుమ్మంలోకి వస్తే అమ్మ సంగటి గిన్నె మీద గంప బోర్లించి, గబగబా బియ్యం కడిగేది. అన్నం తినే ఇల్లు అనిపించుకోవాలి కదా. గంప ఎవరూ ఎత్తకుండా పక్కన కూర్చోవడం నా పని.

అమ్మ గిన్నెను దాచింది. నేను ఏకంగా ఇల్లే దాటించాను. పైగా పాప డబ్బాలో మల్లెపూవులాంటి అన్నం పెట్టి పంపుతున్నానని మురిసిపోయాను.

నవంబరు 7

సూపర్‌మార్కెట్‌లో రాగిమాల్ట్ డబ్బా. చాక్లెట్ రుచి. ఇంటికొచ్చి వెనకాల చదివితే ముందు చక్కెర, ఆ తర్వాతే రాగులు. పాప రెండు గుక్కలు తాగి వదిలేసింది.

నవంబరు 9, ఆదివారం

అత్త ఫోన్, ప్రతి ఆదివారం లాగే. "పాప సంగటి తింటాండాదా?"

"ఇష్టంగా తింటాండాది అత్తా."

నోరు తడబడలేదు. మూడేళ్ల సాధన. పరీక్ష సంగతి చెప్పలేదు. మా ఆయన పక్కనే ఉండి పేపరు తిప్పారు. ఆయనకు సగం తెలుసు. సగం తెలిసినట్టు ఉండటం ఆయనకు సుఖం.

నవంబరు 11

సిగ్గు విడిచి రెడ్డెమ్మను అడిగాను — పోయిన నెల పిండి ఏమైనా మిగిలిందా అని. ఆమె తల దించుకుంది.

"తప్పు సేసినానమ్మా. ఆవుకు యానాడూ పెట్టలా. పిల్లోళ్లకే సంగటి సేసి పెడ్తాండా. అంత మంచి పిండిని గొడ్డుకు పెట్టేదానికి సెయ్యి రాలా."

ఆమె పెద్ద కూతురిది మా పాప వయసే. పోయిన వారం స్కూల్లో పరుగుపందెంలో కప్పు గెలిచిందని చెప్పింది ఈమే. నేను "అలాగా" అని పాలు లోపల పెట్టుకున్నాను.

ఆమె నన్ను క్షమించమంటోంది... నన్ను. మధ్యాహ్నం చిన్న డబ్బాలో పిండి తెచ్చి ఇచ్చి వెళ్లింది. తీసుకున్నాను.

నవంబరు 12

సంగటి చేశాను. అన్నీ ఉండలు. మరిగే నీళ్లలో పిండి పోసి వెంటనే గరిటె తిప్పాను. అమ్మ ముందు నూకలు ఉడికించేది, పిండి కుప్పగా పోసేది, మూతపెట్టి మగ్గనిచ్చేది, అప్పుడు కట్టెతో కెలికేది. అంతా గుర్తుంది. చేతికే రావడం లేదు.

"సిమెంటా అమ్మా ఇది?" అంది పాప. ఇద్దరం నవ్వాం. సింకు దగ్గర గిన్నె గీకుతుంటే మాత్రం ఏడుపొచ్చింది.

నవంబరు 16, ఆదివారం

అత్తకు చెప్పకుండా ఊరికి వెళ్లాను. కుప్పం దాకా ఒక బస్సు, అక్కణ్నుంచి రామకుప్పం వైపు ఇంకోటి.

నాలుగు రోజుల కింద చేలోకి ఏనుగులు దిగాయట. కోతకొచ్చిన రాగి మట్టిలో కలిసిపోయింది. మరిది వంగి వెన్నులు ఏరుతున్నాడు. అత్త నన్ను చూసి కంగారుగా ఎదురొచ్చింది, పాపకేమన్నా అయిందా అని.

మధ్యాహ్నం అన్నం పెట్టింది. తన పళ్లెంలోనూ అన్నమే, రేషన్ బియ్యం. సంగటి చేయలేదా అత్తా అన్నాను.

"మాకు యాల? బియ్యం ఇస్తాండారు గదా. పండేదే కొంచెం. పాప ఇష్టంగా తింటాండాదని సెప్తివి, ఆ పొద్దునుంచి రాగులు దానికే ఎత్తిపెడ్తాండా."

సంగటి లేనిదే పూట గడవని మనిషి.

పోయినేటి రాగుల పిండి అడుగున ఒక్క సంచి మిగిలుంది. అదీ కట్టి ఇచ్చింది. అప్పుడు నోరు తెరిచాను. పాపకు రక్తం తక్కువగా ఉందని చెప్పాను. అంతవరకే చెప్పాను.

"ఇంత తింటాండినా యాల తగ్గింది?"

బస్సు టైమైంది అత్తా అన్నాను.

నవంబరు 19

సంగటి కుదిరింది. మునగాకు పప్పు, పైన నిమ్మకాయ. పాప సగం ముద్ద తిని "పర్లేదు" అంది. మిగిలిన సగం నేను తిన్నాను. అమ్మ గంప కింది రుచి.

నవంబరు 20

పాప డబ్బాలో సంగటి పెట్టబోయి ఆగాను — పక్క పిల్లలు చూస్తారని. పాప సిగ్గుపడుతుందనా, నేనా? రాగిదోసె పెట్టాను. నాకు బుద్ధి వచ్చిందని ఇంకా రాసుకోలేను.

నవంబరు 22, శనివారం

ఆదివారం కాకుండానే అత్త ఫోన్. ఆ రోజు నుంచి కంటికి కునుకు లేదట. రాగులు సరిగా ఆరబెట్టలేదేమో, పిండికి పురుగు పట్టిందేమో, తెలియక పాపకు అదే పంపానేమో అని ఒకటే మథనం.

"నా పిండిలోనే దోసం ఉన్నట్టుండాది అమ్మా. రేపు వస్తాండా. నేనే సూసి, నా సేత్తో సేసి పెడ్తా."

అప్పుడైనా చెప్పాలి. దోషం పిండిలో లేదని చెప్పడానికి ఎంతసేపు... "రా అత్తా" అన్నాను.

సాయంత్రం రెడ్డెమ్మ వచ్చింది. రేపు మా అత్త ముందు పిండి మాట ఎత్తొద్దని చెప్పాలనుకున్నాను. నోటిదాకా వచ్చింది. తను చేయని తప్పుకు నన్ను క్షమించమన్న మనిషి. ఆమెను నా కోసం అబద్ధమాడమని ఏ మొహంతో అడగను? అడగలేదు.

నవంబరు 23, ఆదివారం

అత్త వచ్చింది. సంగటి కెలికే కట్టె పేపర్లో చుట్టి తెచ్చింది. వచ్చీ రాగానే పిండి చేటలో పోసి, వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి, నాలుక మీద వేసుకుని... "బాగనే ఉండాదే" అంది. మొహంలో దిగులు పోలేదు. బాగుంటే మరి ఎందుకిలా అని.

ఇప్పుడు పొయ్యి మీద నూకలు ఉడుకుతున్నాయి. పాప అవ్వ పక్కనే కూర్చుని ఉలవలు ఏరుతోంది. నేను వంటింటి గట్టు మీద ఇది రాస్తున్నాను. కూరగాయల చీటీ అనుకుంటోంది అత్త.

గేటు చప్పుడు. "అమ్మా, పాలు."

లేవబోయాను. అత్త అప్పటికే లేచింది.

"నువ్వు రాసుకోమ్మా. గిన్నె ఇట్లియ్యి, నేను పోయించుకొస్తా."

గిన్నె ఇచ్చాను.