పదకొండో బుట్ట

వదినా,

ఒంట్లో ఎలా ఉందని ముందు అడగాలి గనక అడుగుతున్నాను. నీ మోకాళ్ల సంగతి జవాబులో ఎలాగూ రెండు పేజీలు ఉంటుంది కాబట్టి తిన్నగా నా సంగతికి వస్తాను. ఫోన్లో చెబుదామంటే నీకు సగం వినపడదు, మిగతా సగం నువ్వు చెప్పనివ్వవు. అందుకే కాగితం.

ఈ ఏడు పార్కులో జరిగే జంటల పోటీలో నేను మీ తమ్ముడితో కలిసి ఆడటం లేదు. అదే రోజు జరిగే విడి ఆటగాళ్ల పోటీకి పేరిచ్చేశాను. సంగతి తెలిశాక ఆయన ఒక పూటంతా బుంగమూతి పెట్టుకుని, సాయంత్రానికి తన పేరూ అందులోనే ఇచ్చి వచ్చాడు. నీకు ఆయన ఉత్తరం ముందే అంది ఉంటుంది, నా మీద నేరాల జాబితాతో సహా. ఇప్పుడు నా వైపు విను.

నువ్వు 'పళ్లాలు విసురుకోవడం' అని వెక్కిరించే ఆ డిస్క్ గోల్ఫు ఆటలో ఉన్నదంతా ఇంతే. పార్కులో గుట్ట మీదా లోయలోనూ చెట్ల మధ్య పద్దెనిమిది చోట్ల ఇనప స్తంభాలు పాతి ఉంటాయి. ప్రతి స్తంభానికీ పైన గొలుసులు, కింద బుట్ట. సిమెంటు దిమ్మ మీద నిలబడి డిస్కు విసరాలి. పడిన చోటినుంచి మళ్లీ విసరాలి. తక్కువ విసుర్లలో ఎవరు బుట్టలో వేస్తే వాళ్లు మొనగాళ్లు. జంటగా ఆడితే ఇద్దరూ విసురుతారు, ఎవరిది మంచి చోట పడితే అక్కడ గుర్తుకి ఒక బిళ్ల పెట్టి, రెండోవాళ్ల డిస్కు తీసేసి, ఇద్దరూ అక్కడినుంచే విసురుతారు. మా జంటలో ఆ బిళ్ల మొదటినుంచీ మీ తమ్ముడి చొక్కా జేబులోనే ఉంది. ఏది మంచి చోటో తేల్చేది ఆయనే.

ఇది ఎవరికీ చెప్పలేదు వదినా, నీకే చెబుతున్నాను. రెండేళ్లుగా, చెట్లలోకి వెళ్లాక, ఆయన నా డిస్కు దగ్గర బిళ్ల పెట్టలేదు. ఒక్కసారి కూడా. కొత్తలో నా విసుర్లు పొదల్లోకే పోయేవి, ఒప్పుకుంటాను. కానీ యూనిఫారాలు కుట్టే చోట ఇరవై ఏళ్లుగా కటింగ్ మాస్టర్‌ని నేను. పన్నెండు మడతల గుడ్డ మీద గీత తప్పకుండా కత్తెర నడిపే చెయ్యి ఇది. నేర్చుకోవాలనుకుంటే నేర్చుకుంటుంది, నేర్చుకుంది కూడా. పదకొండో బుట్టకి లోయలోకి విసరాలి, రెండు చెట్ల మధ్య సందు మన వంటింటి తలుపంత కూడా ఉండదు. పోయిన ఏడు పోటీలో నా డిస్కు ఆ సందులోంచి సూదిలో దారంలా దూరి బుట్టకి పది అడుగుల్లో ఆగింది. ఆయనది ఎక్కడో పైన ఆగిపోయింది. "నాది ముందుందండీ" అన్నాను. వినపడనట్టే నడిచి వెళ్లి తన దాని పక్కన బిళ్ల పెట్టి, "ఇది నమ్మకమైన చోటే" అన్నాడు. పక్క జంట మా వంకే చూస్తున్నారు. నా డిస్కు నేనే తీసుకుని సంచిలో వేసుకున్నాను. ఆ రోజు తర్వాత నాది ముందుందని నేను ఎప్పుడూ అనలేదు. అడిగి తీసుకునే మర్యాద నాకక్కర్లేదు.

మీ తమ్ముడి బుట్టలో పడి ఇరవై రెండేళ్లయింది. మంచివాడు, నవ్విస్తాడు, ఇల్లు ఊడ్చి పెడతాడు. కానీ నా ఆట ఆయనకి ఆనదు. అది నాకు తిన్నన్నం ఒంటబట్టనంత బాధగా ఉంది. అందుకని విడిగా ఆడి, ఆయన కళ్లముందే ఆయనకంటే తక్కువ విసుర్లలో ముగిస్తాను. నువ్వు మధ్యవర్తిత్వానికి రాకు.

నీ మాట వినని
మరదలు


వదినా,

నీ ఉత్తరం అందింది. "మొగుడితో పోటీ ఏమిటే, పెద్ద ఆరిందానివి" అని నువ్వు రాస్తావని ముందే తెలుసు. అక్షరం పొల్లుపోలేదు. కానీ ఇప్పుడు కోపాలు పక్కన పెట్టి చదువు.

నిన్ననే పోటీ. నలుగురేసి ఒక గుంపు, చీటీలు తీస్తే నేనూ మీ తమ్ముడూ ఒకే గుంపులో పడ్డాం. మాతోపాటు తపాలా ఆఫీసు గుమాస్తా ఒకాయన, ఆయన కూతురు. లెక్క కాగితం నా చేతికిచ్చారు. మొదటి ఆరు బుట్టలూ బయట ఎండలో గడ్డి వాలు మీద. అక్కడ ఆయన బాగానే ఆడాడు. చెట్లలోకి వచ్చాక ఒక సంగతి గమనించాను. ప్రతిసారీ "ముందు మీరు, ముందు మీరు" అని మర్యాద చేసి, మేం ఎటు విసురుతామో చూసి, తర్వాత తను విసురుతున్నాడు. పెళ్లిలో కూడా నాకంటే ముందు భోజనానికి కూర్చున్న మనిషికి ఈ మర్యాద ఎక్కడినుంచి వచ్చిందా అనుకున్నాను.

పదకొండో దిమ్మ దగ్గర నేను ముందు విసిరాను. సందులోంచి తిన్నగా పోయింది. ఆయనది చెట్టు బోదెకి తగిలి ఎడమవైపు ఎగిరి, మాకు ఎప్పుడూ అలవాటు లేని చోట, వాలు అంచున పడింది. అక్కడికి వెళ్లాడు. ఒక నిమిషం నిలబడ్డాడు. గురి చూశాడు. ఎంత చక్కని విసురు అనుకున్నావ్, వదినా! ముప్పై అడుగులు ఉంటుంది, గొలుసులు ఘల్లుమన్నాయి. రెండు చేతులూ పైకెత్తి కేక పెట్టాడు.

అది పద్నాలుగో బుట్ట.

పదకొండోది కిందికి, కుడివైపున. పద్నాలుగోది వేరే ఆట దారిలో, ఎడమ పక్కన. బుట్ట మీద నా అరచేయంత పసుపు పలక మీద నల్లగా పద్నాలుగు అని రాసి ఉంటుంది. పన్నెండేళ్లుగా ఆడుతున్న చోటు. గుమాస్తా పడీపడీ నవ్వాడు, ఆయన కూతురు కూడా. మీ తమ్ముడు ఒక్క క్షణం ఆగి, "మీ ముఖాలు మరీ సీరియస్‌గా ఉన్నాయని నవ్వించా లెండి" అన్నాడు. వాళ్లు నమ్మేశారు. నేను మాత్రం ఆ క్షణంలో ఆయన ముఖం చూశాను. మా ఇద్దరిలో ఎవరూ నవ్వలేదు.

తర్వాత నా చేతులు నావి కాకుండా పోయాయి. అయినా మూడో స్థానం వచ్చింది. లేకపోతే మొదటిదే, అందులో నాకు అనుమానం లేదు. ఆయన ఎన్నో వాడో అడగకు.

అందరూ వెళ్లిపోయాక పార్కు గేటు దగ్గర బల్ల మీద ఆయన్ని కూర్చోబెట్టాను.

"ఎన్నాళ్లనించి?"

"ఏంటి ఎన్నాళ్లు?"

"కళ్లు."

"చెట్ల నీడలో కాస్త మసక. ఈ వయసులో ఎవరికి లేదు? నువ్వు దారం ఎక్కించడానికి అద్దాలు పెట్టుకోవట్లా?"

"మరి నా డిస్కు దగ్గర బిళ్ల ఎందుకు పెట్టలేదు?"

బూటు ముక్కుతో మట్టి గీకాడు. తర్వాత చెప్పాడు. ఆయన ఏళ్ల తరబడి ఒకే చోట్లకి విసురుతున్నాడు. ఆ చోట్ల నుంచి బుట్ట ఎటుందో కళ్లు మూసుకునైనా చేతికి తెలుసు. "నీది కొత్త చోట పడుద్ది. అక్కడ నిలబడితే నాకు చెట్లు తప్ప ఏం కనపడదు. బుట్ట ఎక్కడుందని నిన్ను అడగాలి. అడిగితే నీకు తెలిసిపోదూ?"

నాకు ఆయన్ని దగ్గరికి తీసుకోవాలనిపించింది. అదే క్షణంలో ఒక్కటి ఇవ్వాలనీ అనిపించింది. రెండేళ్లు నేను నా ఆట ఆయనకి ఆనదని ఏడ్చుకున్నాను. ఆయన తన భయాన్ని దాచుకోవడానికి నన్ను అడ్డం పెట్టుకున్నాడు. అయినా ఆ సంగతి తర్వాత. ఆయన చేసే ఉద్యోగం ఏమిటో నీకు తెలుసుగా! షెడ్డు కప్పు కింద క్రేన్‌లో కూర్చుని టన్నుల ఇనుము మనుషుల నెత్తి మీదుగా దాటించడం. ఆ షెడ్డులో వెలుగు ఎంతో నాకు తెలుసు. ఆ చెట్ల కింద ఉన్నంతే.

"షెడ్డులో కనపడుతోందా?" అన్నాను.

"కింద వాడు చెయ్యి ఊపితే తెలుస్తది."

"చెయ్యి తెలుస్తదా? మనిషి తెలుస్తాడా?"

డిస్కుల సంచి భుజానికి తగిలించుకుని లేవబోయాడు.

"రేపు మీరు క్రేన్ ఎక్కరు. ఫోర్‌మన్‌కి మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

"ఇరవయ్యారేళ్ల సర్వీసు. దించేస్తే మళ్లీ ఎక్కనిస్తారా? నా పొట్ట నువ్వే కొడతావా?"

"కొడతాను" అన్నాను.

ఇప్పుడు పొద్దున ఆరున్నర. బూట్లు వేసుకుని గుమ్మంలో కూర్చున్నాడు, లేవడు, నావైపు చూడడు. నేను వంటింట్లో నిలబడి ఇది రాస్తున్నాను, కాళ్లకి చెప్పులతో. ఆయన ఎటు వెళ్తే అటు వెనకే వెళ్తాను. తమ్ముడి వైపు మాట్లాడాలనిపిస్తే ఆ క్రేన్ కింద ఎవరి బిడ్డ నడుస్తున్నాడో ఒకసారి తలుచుకుని మాట్లాడు.

మరదలు


వదినా,

మూడు నెలలు రాయలేదని నువ్వు పెట్టిన చీవాట్లు ముట్టాయి. నా అపరాధం, క్షమించు. చేతికి తీరిక లేదు, మనసుకి అంతకంటే లేదు.

ఆ రోజు షెడ్డు గేటు వరకు ఆయన ముందు, నేను పది అడుగులు వెనక నడిచాం. గేటు దగ్గర తిరిగి, "నువ్విక్కడే ఉండు. ఇంత చేసి పెళ్లాన్ని తీసుకొచ్చాడని కూడా అనిపించుకోలేను" అన్నాడు. లోపలికి ఒక్కడే వెళ్లాడు. ముప్పావుగంట. బయటికి వచ్చేసరికి చెవులు ఎర్రగా ఉన్నాయి. "గడ్డి పెట్టాడు" అన్నాడు, "పెట్టాల్సిందే." ఎన్నాళ్లనించి దాచావని ఫోర్‌మన్ నిలదీశాడట. లిఖితంగా హెచ్చరిక ఇచ్చి, ఆ క్షణాన్నే స్టోరులో బోల్టులు లెక్కపెట్టే పనికి మార్చాడు. మన ఇంటి గొప్పలు రాసేదాన్ని, ఇది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

రెండు కళ్లలోనూ శుక్లాలట. కుడిది ముందు చేశారు, నెల తర్వాత ఎడమది. కట్టు విప్పిన రోజు నన్ను చూసి, "నీకు ఇన్ని తెల్లవెంట్రుకలు ఎప్పుడొచ్చాయే?" అన్న మహానుభావుడు మీ తమ్ముడు. ఆ పూట అన్నం ఆయనే వడ్డించుకున్నాడు. పోయిన వారం పరీక్ష చేసి క్రేన్ ఎక్కవచ్చని కాగితం ఇచ్చారు. ఫోర్‌మన్ ఇంకా ఎక్కనివ్వలేదు, మరో నెల చూస్తానన్నాడు. ఈయన నోరెత్తలేదు.

ఇక అసలు మాట. రెండేళ్లు నేను తప్పుగా అనుకున్నాను. నా ఆటని ఆయన తక్కువ చేయలేదు. ఆ మాట నీకు రాయకపోతే నాకు నిద్ర పట్టదు. కానీ వచ్చే ఏడు కూడా నేను విడిగానే ఆడతాను. "ఇప్పుడు కనపడుతోందిగా, జంటగా ఆడదాం" అని ఆయన అడిగాడు. "మూడో స్థానం రుచి చూశాక జంట ఎక్కడ సహిస్తుందండీ" అన్నాను. మూతి ముడుచుకున్నాడు గానీ మొన్నటంత కాదు.

నిన్న ఆదివారం మధ్యాహ్నం పార్కుకి వెళ్లాం. డాక్టరు ఇంకా రెండు వారాలు చెయ్యి విసరొద్దన్నాడు కాబట్టి ఊరికే నా సంచి మోసుకుంటూ వచ్చాడు. పదకొండో దిమ్మ మీద నిలబడ్డాను. ఆయన వెనక నిలబడ్డాడు. విసిరాను. డిస్కు లోయలోకి దిగి, సందు దాటి, చివర్లో ఎడమకి ఒరిగి బుట్ట పక్కన గడ్డిలో కూర్చుంది. ఆయన దాన్ని మొదటినుంచి చివరిదాకా చూశాడు.

"ఇంత బాగా ఎప్పట్నించి విసురుతున్నావే?" అన్నాడు.

"రెండేళ్లయింది" అన్నాను.

దెప్పిపొడవాలని అన్నది కాదు. నిజం అదే కాబట్టి అన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. సంచి కింద పెట్టి, విప్పి, ఇంకో డిస్కు తీసి నా చేతికి ఇచ్చాడు.

"మళ్లీ వెయ్యి" అన్నాడు.

వేశాను. ఇంకొకటి ఇచ్చాడు. అదీ వేశాను. వెనక ఎవరో గుంపు వచ్చి ఆగితే, వాళ్లని ముందుకి వెళ్లిపొమ్మని చేత్తో సైగ చేశాడు. సంచిలో ఉన్నవి మొత్తం తొమ్మిది డిస్కులు. ఒక్కొక్కటే అందించి, ఒక్కొక్కటి నేలకి దిగేదాకా చూశాడు.

నీ
మరదలు