బొల్లిని ఇక కట్టెయ్యను

గురువారం

కల్వకుర్తిలో ఉన్న నా తల్లి నిర్మలను దీవించి మీ అమ్మ గుర్వమ్మ రాసేది.

నీకు దగ్గు తగ్గిందా? పిల్లను చన్నీళ్లలో ఆడనిస్తున్నావా? అల్లుడు ఎండన పడి తిరుగుతున్నాడేమో. ఇవన్నీ తలుచుకుంటే నాకు ముద్ద దిగదు. సంఘం వాళ్లు బడి పెట్టినప్పుడు నేర్చుకున్న నాలుగక్షరాలతో నేనే రాస్తున్నాను. వంకరగా ఉంటే కూడబలుక్కుని చదువుకో.

రజాకార్లు పోయారు, యూనియన్ మిలిట్రీ వచ్చింది, ఇక బతికామనుకున్నాం. సంఘానికి భయపడి పట్నం పారిపోయిన పటేలు ఆ మిలిట్రీ వెనకాలే మళ్లీ ఊళ్లో దిగాడు. నిన్న చాటింపు వేయించాడు. మిలిట్రీ వస్తుంటే ఊరి కుక్కలు మొరుగుతున్నాయట, ఆ అరుపులకు సంఘం వాళ్లు గుట్టల్లోకి జారుకుంటున్నారట. అందుకని సోమవారం పొద్దున కుక్కలన్నిటినీ చావడికి తేవాలి. కాల్చేస్తారట. మన బొల్లి మొరగదని వాళ్లకెవరు చెప్పాలి? గొర్రెలు బెదురుతాయని మీ బాపు దానికి చిన్నప్పుడే నోరు మెదపకుండా మంద తిప్పడం నేర్పాడు కదా.

ఆదివారం లోపల అల్లుణ్ణి పంపు, బొల్లిని తోలుకుపోతాడు. కానీ తల్లీ, దాన్ని సాకడం తేలిక కాదు. రజాకార్లు మందను తోలుకుపోయాక మిగిలిన ఏడు గొర్రెలు దాని కాళ్లకు ఏ మూలకూ చాలవు. పక్కింటి వెంకటనర్సు కోళ్లను తోలుకొచ్చి మన దొడ్లో నిలబెడుతుంది. ఆయన రోజూ వచ్చి, "గుర్వమ్మొదినా, నీ కుక్క నన్ను గూడ మగ్గం గుంతలకెల్లి గుంజుకపోయేటట్టున్నది" అని మొత్తుకుంటాడు. పొద్దున ఒకసారి, పొద్దు వాలేటప్పుడు ఒకసారి బాగా పరుగెత్తించు. జొన్న గటుక మజ్జిగలో కలిపి పెట్టు. వేళ్ల సందున పల్లేరుకాయలు తీస్తూ ఉండు. ఏదో ఒక పని చెప్పు. లేకపోతే తన తోకను తనే తరుముకుంటుంది.

నీ ఫికరే పెట్టుకున్న అమ్మ,
గుర్వమ్మ


బుధవారం

నా తల్లి నిర్మలకు,

రోడ్డు మీద మిలిట్రీ ఆపుతోందని, అల్లుడు రాలేడని శనివారం కబురు అందింది. రాకపోవడమే మంచిదైంది.

నీకొక సంగతి దాచాను. రజాకార్లు వచ్చిన రోజు మీ బాపు ఉన్ని అమ్మడానికి సంతకు పోయాడు. తిరిగొచ్చి, బొల్లి మందను వదిలి పారిపోయిందనుకున్నాడు. పిరికిదన్నాడు. జ్వరంతో కన్నుమూసేదాకా దానికి తన చేత్తో ముద్ద పెట్టలేదు. అది పారిపోలేదు నిర్మలా. ఎదురుపోతే కాలుస్తారని నేనే కొట్టంలో కట్టేశాను. వదిలి ఉంటే మందనంతా గుట్ట ఎక్కించేది. తాడు కొరికి కొరికి దాని నోరు రక్తమైంది. నేను చూస్తూ కూర్చున్నాను. మీ బాపుకు చెప్పడానికి నాకు నోరు రాలేదు.

సోమవారం కూడా తాడు కట్టే తీసుకుపోయాను, అబద్ధమెందుకు. చావడి ముందు జనం ఎవరి కుక్కతో వాళ్లు, దూరం దూరంగా, తలలు వంచుకుని నిలబడ్డారు. తుపాకులతో నలుగురు జవాన్లు, వాళ్ల జమేదారు. "ఏమే గుర్వమ్మా, తాడు ఇటియ్యి" అన్నాడు పటేలు. నా చెయ్యి ముందుకు పోయింది కూడా. బొల్లి మాత్రం గుంజుతోంది. మంద చెదిరి ఉంటే అది ఆగలేదు కదా, మనుషులైనా సరే. నేను వంగి మెడలో ముడి విప్పేశాను.

అంతే! జనం చుట్టూ సుడి తిరిగింది. వెంకటనర్సు మడమకు మూతి తగిలించి లోపలికి నెట్టింది. ముసలివాళ్లను మెల్లగా, పడుచువాళ్లను గట్టిగా, అందరినీ ఒక్కచోటికి తోలింది. చివరికి పటేలు ధోవతి అంచు పట్టి ఆయన్నీ తెచ్చి మందలో కలిపింది. ఆయన "దూరం పో! దూరం పో!" అని గెంతులేస్తున్నాడు.

"కదలకు పటేలా," అన్నాడు వెంకటనర్సు. "మందల నిమ్మలంగ నిలవడ్డోన్ని అది ఏమనది."

ఎవరో కిసుక్కుమన్నారు. ఇక ఆగలేదు. ఊరంతా నవ్వింది, జవాన్లూ నవ్వారు. పటేలు మొహం ఎర్రబడింది. "కాల్చుండ్రి దాన్ని!" అని అరిచాడు.

నేను బొల్లికి అడ్డంగా నిలబడ్డాను. గొంతెత్తి అడిగాను. "ఒక్కసారన్న మొర్గిందా పటేలా? మొర్గని కుక్కను దేనికి కాలుస్తవ్?"

"మొర్గితె మాత్రం దేనికి కాల్చాలె?" అన్నాడు నా వెనక నుంచి వెంకటనర్సు, తన ముసలి కుక్కను చంకలోకి ఎత్తుకుంటూ.

భుజానికి భుజం తగిలేటట్టు నిలబడ్డ జనంలో ఒక్కరూ పక్కకు జరగలేదు. జమేదారు మా అందరినీ ఒకసారి చూశాడు. పటేలు మీద తన భాషలో ఏదో విసుక్కుని, జవాన్లను తీసుకుని క్యాంపుకు పోయాడు.

అక్కడి నుంచి సక్కగా మీ బాపు సమాధి దగ్గరికి పోయి, బొల్లిని పక్కన కూర్చోబెట్టుకుని నిజం చెప్పేశాను. తిట్టుకుంటే నన్ను తిట్టుకోనీ.

భయం పోయిందనుకునేవు. పోలేదు. ఈ ఉత్తరం రాస్తూ మూడుసార్లు లేచి వాకిట్లోకి చూశాను. అయినా అల్లుణ్ణి పంపకు, బొల్లిని పంపను. నిన్న పటేలు మళ్లీ చాటింపు వేయించాడు, ఈ పొద్దున కుక్కలతో చావడికి రావాలని. వెంకటనర్సు మగ్గం మీద కూర్చున్నాడు. నేను ఏడు గొర్రెలను తోలుకుని, బొల్లిని ముందు నడిపించి, ఆ చావడి ముందు నుంచే మేతకు పోయాను. అరుగు మీద పటేలు ఒక్కడే ఉన్నాడు.

మీ అమ్మ,
గుర్వమ్మ