తెరవని డ్రమ్ములు, నా సంతకం

నలభై ఏళ్లు ఆడిటరుగా పనిచేసిన నేను, డెబ్బై మూడో ఏట, ఎవరి బలవంతమూ లేకుండా రాస్తున్న వీలునామా ఇది. నా మతి స్థిమితంగానే ఉంది. నూనెల కంపెనీ లెక్కలు సరిగ్గా ఉన్నాయని సంతకం పెట్టిన రోజు కూడా స్థిమితంగానే ఉంది. కాబట్టి ఆ సాకు చెల్లదు.

1. ఇల్లు, బ్యాంకులో ఉన్నది నా భార్యకు. ఆమె తర్వాత అమ్మాయికి.

2. నా పడక్కుర్చీ బావమరిదికి. "ఆడిట్ ఫీజు తగ్గించెయ్ బావా, పన్నుల సలహా మీద లాగేద్దాం" అన్నది ఆయనే. ఒప్పుకున్నది నేను. కుర్చీ ఆపడం న్యాయం కాదు.

3. ఇందులో పంచుకునే ఆస్తి లేదు, అయినా చదవండి. ఆ నూనెల కంపెనీ మా చెయ్యి జారిపోతుందేమోనని ఆడిట్ ఫీజు తొమ్మిది లక్షల నుంచి నాలుగుకు దించాను. పన్నుల సలహాకు వాళ్లే ఇరవై లక్షలు ఇచ్చేవారు. ఫీజుకు తగ్గట్టు గోదాము తనిఖీని ఆరు రోజుల నుంచి ఒక్క రోజుకు కుదించాను. వెళ్లింది నా సహాయకురాలు. దేన్నైనా గుచ్చి చూస్తుందని ఆఫీసులో ఆమెను సూది అనేవాళ్లం.

"డ్రమ్ములు బోలుగా మోగుతున్నాయండీ, మూతలు తీయించాలి" అంది.

"ఈ ఫీజుకి తట్టడమే ఎక్కువమ్మా" అన్నాను. అందరూ నవ్వారు.

ఆమె ఆ మాటే ఒక కాగితం మీద రాసి ఫైల్లో పెట్టింది. నేను తీసి దాచేశాను. కంపెనీ మునిగాక, గోదాము చూసిందెవరని విచారణలో అడిగితే ఆమె పేరు చెప్పాను. అబద్ధం కాదు. ఆమె లైసెన్సు పోయింది. నాది మిగిలింది.

4. ఆ కాగితం నేను పోయాక ఆమెకివ్వాలని మొదట రాశాను. ఇప్పుడు ఆఫీసు నడుపుతున్న మా అమ్మాయి "ఇప్పుడెందుకు కెలకడం నాన్నా, మన దగ్గరికొచ్చే పార్టీలు పోతారు" అంది. కానీ పోయినవాణ్ణి విచారణకు ఎవరు పిలుస్తారు? అందుకే ఈ ఉదయం నేనే తీసుకెళ్లి ఇచ్చాను. విచారణ సంఘానికి నకలు పంపాను. సూది గుమ్మంలోనే నిలబడి చదివింది. "పదకొండేళ్లండీ" అంది. లోపలికి రమ్మనలేదు.

5. అమ్మాయికి ఆఫీసు, నా పేరున్న బోర్డు తీసేసి. అమ్మా, ఒకే పార్టీ దగ్గర ఆడిటూ సలహా రెండూ పట్టకు. ఫీజు చాలకపోతే పని వదులుకో, తనిఖీ రోజులు కోయకు.

14-06-2019
(సంతకం)

సాక్షులు: ఎదురింటి దర్జీ, మందుల షాపు ఆవిడ. "ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడతానండీ, చదవడమెందుకు" అన్నాడు దర్జీ. మొత్తం చదివించాకే కలం చేతికిచ్చాను.