ఆకుపచ్చ మూత, నీలం మూత, మధ్యన లేని రేకు

పారిశుద్ధ్య విభాగపు అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: చెత్తబండిలో తడి చెత్తకూ పొడి చెత్తకూ మధ్య ఉండవలసిన అడ్డు రేకును ఒకటో తేదీలోగా తిరిగి బిగించుట గురించి. మూడవ అర్జీ.

పదకొండేళ్ల కిందట, తమరు చిన్న ఉద్యోగంలో ఉండగా, మా భవనం మెట్ల దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చుని, "మీరు ఇంట్లో వేరు చేసి ఇవ్వండి. బండిలో కలిస్తే నన్నడగండి" అని నలుగురి ముందు మాట ఇచ్చారు. మా ఆవిడ నమ్మింది. తమరికి ఆ తర్వాత మూడు పదోన్నతులు వచ్చాయి. ఇప్పుడు అడుగుతున్నాను.

1. సదరు బండికి పైన మూతలు రెండు. తడి బుట్ట ఆకుపచ్చ మూత కింద, పొడి సంచి నీలం మూత కింద వేస్తాను. లోపల రెండూ ఒకే చోట కలుసుకుంటాయి. ఇదేమని డ్రైవరును అడిగితే, "మూతలే రెండు తాతా, కడుపు ఒకటే. రేకుకు తొక్కలు అతుక్కుని దింపడం ఆలస్యమవుతోందని ఆఫీసువాళ్లే ఊడదీయించారు" అన్నాడు. తమ శాఖలో నిజం చెప్పే ఉద్యోగి ఒకడు మిగిలి ఉన్నాడని ఇందుమూలముగా తెలియజేయడమైనది. అతని మీద చర్య తీసుకోవద్దు. తమరికి చర్య తీసుకునే అలవాటు లేదు గనుక ఆ భయం కూడా నాకు పెద్దగా లేదు.

2. మా ఆవిడ పాల ప్యాకెట్టు మూలను పూర్తిగా కత్తిరించదు. ఆ చిన్న ముక్క విడిపోతే ఎవరి చేతికీ దొరకక కాలువ పాలవుతుందని, ప్యాకెట్టుకే వేలాడనిస్తుంది. పాలు వంచాక కడిగి, బట్టల తీగకు క్లిప్పు పెట్టి ఆరేస్తుంది. ఒకసారి నేను తొందరలో మూల తెంపేశాను.

"ముక్క ఏదండీ?"

"ఎక్కడో పడి ఉంటుందిలే."

"ఎక్కడో అనే చోటు ఎక్కడుందో చూపించండి, నేనే తీసుకుంటా."

నలభై ఏళ్లు గ్రంథాలయంలో పుస్తకాలను వర్గాలవారీగా అమర్చినవాణ్ణి. పొయ్యి గట్టు కింద మోకాళ్ల మీద కూర్చుని గోరంత ముక్క వెతికాను. దొరికింది. మరునాడు అదే ముక్క తమ బండిలో కుళ్లిన టమాటాల మీద పడటం కూడా చూశాను.

3. నా మొదటి అర్జీకి "తగు చర్య నిమిత్తం పంపడమైనది" అని జవాబు వచ్చింది. ఎవరికి పంపారో అందులో లేదు. రెండవది ఎక్కడికి చేరిందో డ్రైవరే చూపించాడు. తమ కార్యాలయపు బుట్టను బండిలో బోర్లించాక అతని కంట పడిందట. "ఇది మీ రాతే కదూ తాతా? టీ పొడి అంటుకుంది, దులిపి ఇమ్మంటారా?" అన్నాడు. కాగితం పొడి చెత్త. వాడేసిన టీ పొడి తడి చెత్త. మా ఆవిడ ఈ పాఠం తమరు కుర్చీలోంచి లేచేలోపే నేర్చుకుంది. తమ కార్యాలయానికి పదకొండేళ్లు చాలలేదు.

4. రేకు పోయిందని తమ గుమాస్తా సెలవిచ్చాడు. పోలేదు. తమ కార్యాలయం గేటు ముందు కాలువ మీద పరిచి ఉంది. పైకి నీలం రంగు, అడుగున ఆకుపచ్చ. వంగి చూశాను. ఈ వయసులో వంగడం చిన్న పని కాదు. తమరి కారు రోజూ దాని మీదుగానే లోపలికి పోతున్నది.

5. మా ఆవిడకు మోకాళ్ల ఆపరేషన్ అయింది. ఒకటో తేదీ నుంచి మెట్లు దిగి ఎక్కమని డాక్టరు చెప్పారు. "ఇక బుట్టలు నేనే దింపుతా. ఇన్నేళ్లూ మీరే మోశారు పాపం. ఆ బండి అతనికి కూడా ఒక మంచి మాట చెప్పాలి" అంటోంది. మా కిటికీలన్నీ వెనక సందులోకి ఉండబట్టి, బండి వచ్చే వేళకు కిందికి దిగకపోబట్టి ఆమె ఇంతవరకు ఆ బండిని చూడలేదు. ఒకటో తేదీన మూత ఎత్తి లోపలికి చూస్తుంది.

కావున, కాలువ మీద వేరే రాయి వేయించుకుని, ఆ రేకును నాలుగు బోల్టులతో దాని చోట బిగించవలసినదిగా ప్రార్థన. తీరిక చిక్కినప్పుడు కాక, ఒకటో తేదీకి ముందే చిత్తగించవలెను.

అలా రాయడం ఆనవాయితీ గనుక,
తమ విధేయుడు,
మూడో అంతస్తు, వెనక వాటా.

తా.క.: తమరి మీద నాకు పెద్ద కోపం లేదు. కోపగించుకోవడానికి ఎదుటి మనిషిలో కొంత సరుకు ఉండాలి. రేకు లేదని తమరు మాట ఇచ్చిన మొదటి నెలలోనే నాకు తెలుసు. ఖాళీ బుట్టలతో పైకి వచ్చినప్పుడల్లా ఆమె "వేరుగానే వేశారా?" అని అడుగుతుంది. "వేరుగానే వేశాను" అంటాను. ప్యాకెట్లు కడిగి కడిగి ఆమె వేళ్లు ఒరుసుకుపోయాయి. నిజం చెబితే ఆ పని మానేస్తుందని భయపడ్డానో, మానకుండా రేపు కూడా కడుగుతుందని భయపడ్డానో నాకే తెలియదు. ఒకటో తేదీకి నా అబద్ధం నిజం కావాలి. అయినా కాకపోయినా, ఇన్నేళ్లుగా నేను క్షమించలేకపోతున్నది ఒక్కణ్ణే, ఆవిడ మొగుణ్ణి.