కుటుంబంలో ఎవరికీ లేదు

ప్లేనో,
15 సెప్టెంబర్ 2025, సోమవారం.

గౌరవనీయులైన దైవాశీర్వాదం బావగారికి,

మీ తమ్ముడి భార్య వసంతకుమారి ప్రభువు పేరిట వందనాలు చెప్పి రాస్తున్నది. కమ్మింగ్‌లో మీరూ, జోసఫిన్ అక్కా, జెమీమా క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేమూ క్షేమమే అని రాయాలి. రాయను.

ఈ రోజుల్లో ఉత్తరమేమిటని మీరు అనుకుంటారు. ఫోన్‌లో మీతో పోట్లాడటం నా వల్ల కావడం లేదు. నేను గొంతు పెంచగానే మీరు ప్రార్థన చేసుకుందామమ్మా అని మొదలుపెడతారు. ప్రార్థన మధ్యలో ఎవరు పోట్లాడతారు? ఆమెన్ అయ్యేసరికి మీకు ఇంకో కాల్ వస్తుంది. అందుకే కూర్చుని రాస్తున్నాను. చివరిదాకా చదవండి.

పోయిన వారం నేను ఏడుస్తూ ఫోన్ చేసి, మీ తమ్ముడు షాలేం రాజుకి ప్రోస్టేట్ కేన్సర్ అని తేలింది, లింఫ్ గ్రంథుల్లోకి కూడా పాకింది అని చెప్పాను. మీరేమన్నారో గుర్తుందా? ధైర్యంగా ఉండమ్మా, నాకు ఆపరేషన్ చేసి రెండేళ్లు దాటింది, నేను బాగానే లేనా అన్నారు. నన్ను ఓదార్చాలనే అన్నారు. మీకూ ఇదే కేన్సర్ వచ్చిందని నాకు అలా తెలిసింది. మాకు చెప్పింది హెర్నియా ఆపరేషన్ అని కదా!

ఆ హెర్నియా కోసమే కదా నేను సెలవు పెట్టి, విమానం ఎక్కి వచ్చి, మీ ఇంట్లో చారూ కూరలూ వండిపెట్టింది! ఆ గొట్టం, ఆ సంచీ చూసి ఇదేమిటక్కా అని అడిగితే, ఇక్కడ హెర్నియాకి ఇలాగే పెడతారని అక్క చెప్పింది. నమ్మాను. ఇక్కడ మా చర్చిలో మీ పేరున 'చెప్పుకోలేని ప్రార్థన అవసరత' అని ఆదివారం చదివారు. ఏమిటో తెలియకుండానే అందరం ఉపవాసం ఉన్నాం. మీ తమ్ముడైతే పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు.

ఇప్పుడు అసలు సంగతి వినండి. కిందటేడు ఫిబ్రవరిలో ఆయనకి ప్రోస్టేట్ కోసం చేసే పీఎస్ఏ రక్తపరీక్షలో అంకె కొంచెం ఎక్కువొచ్చింది. అది పెరిగినంత మాత్రాన కేన్సర్ కాదట. వయసుకీ పెరుగుతుంది, ఇన్ఫెక్షన్‌కీ పెరుగుతుంది. అనవసరంగా సూదులు పొడిచి ముక్కలు తీయడం ఎందుకని డాక్టరమ్మ ఇంకో రక్తపరీక్ష చేయించింది. అందులో కొన్ని రకాల ప్రొటీన్లు కొలుస్తారు. వాటికి వయసూ, ఇంటివాళ్ల జబ్బులూ కలిపి కంప్యూటర్‌లో వేస్తే, ప్రమాదం నూటికి ఎంతో అది చెబుతుంది. మంచి పరీక్షే. మనుషులే దానికి అబద్ధం చెప్పారు.

తండ్రికి గానీ అన్నదమ్ములకి గానీ ప్రోస్టేట్ కేన్సర్ ఉందా అని ఆవిడ అడిగింది. డాక్టర్ల దగ్గర మాట్లాడేది ఎప్పుడూ నేనే, మీకు తెలుసుగా. ఆయన నోరు తెరిచేలోపే, ఆ కుటుంబంలో ఎవరికీ లేదు డాక్టర్, వాళ్లన్నయ్య గుండ్రాయిలా ఉన్నారు అని చెప్పాను. మీ గురించి గొప్పగా చెప్పాను బావగారూ. ఆయన తలవంచుకుని చొక్కా గుండీ సరిచేసుకుంటూ కూర్చున్నారు. ప్రమాదం తక్కువ, ఏడాది తర్వాత రమ్మన్నారు. ఇంటికొస్తూ దారిలో ఆగి స్వీట్లు కూడా కొన్నాను. ఏడాది అని చెప్పినదాన్ని ఆఫీస్ పనుల్లో మరికొన్ని నెలలు మేమే సాగదీశాం. అది మా తప్పు, ఒప్పుకుంటాను.

మీతో మాట్లాడిన మర్నాడు, ఆయన స్కాన్‌కి వెళ్లినప్పుడు నేనొక్కదాన్నే డాక్టరమ్మకి మీ సంగతి చెప్పాను. ఆవిడ కిందటేటి అంకెలే మళ్లీ తెరిచింది. అదే రక్తం, అవే ప్రొటీన్లు. అన్నకి అరవై లోపే వచ్చింది అన్న ఒక్క ముక్క మాత్రం మార్చింది. ప్రమాదం గీత దాటింది. అప్పుడే ఎమ్మారై తీసి, బయాప్సీ చేసి ఉండేవాళ్లం అంది. అప్పటికి పాకి ఉండేదో లేదో ఎవరూ చెప్పలేరని కూడా అంది. ఆ 'చెప్పలేరు' అన్న మాటతో నేను జీవితాంతం ఎలా వేగాలి?

జెమీమా సంబంధం కోసం దాచారని నాకు తెలుసు. కేన్సర్ ఇల్లు అంటే హ్యూస్టన్ వాళ్లు వెనక్కి తగ్గుతారని భయపడ్డారు. ఆడపిల్ల తండ్రి భయం నేను అర్థం చేసుకోలేనా? మైకు పట్టుకుని చెప్పమన్నానా? తోడబుట్టినవాడి చెవిలో ఒక్క మాట వేయడానికి మీకేం అడ్డొచ్చింది? ఇద్దరూ ఒకే కంచంలో తిన్నామని పెళ్లిళ్లలో చెప్పుకుంటారే, మరి ఒకే రక్తమని గుర్తు రాలేదా? తలచుకుంటుంటే ఒళ్లు మండిపోతోంది.

మీకు జీన్ టెస్ట్ కూడా చేశారని ఆ రోజు ఫోన్‌లో అక్క నోరు జారింది. ఏం వచ్చిందక్కా అంటే మీరు ఫోన్ లాక్కుని ప్రార్థన మొదలుపెట్టారు. ఆ రిపోర్ట్ నాకు కావాలి. జీన్‌లో తేడా ఉంటే దానికి వేరే మందులున్నాయట. మీ తమ్ముడిక్కూడా పరీక్ష చేస్తున్నారు కానీ ఫలితం రావడానికి సమయం పడుతుంది. మీది ముందే చేతిలో ఉంటే డాక్టరమ్మకి దారి తెలుస్తుంది. అది ఆడపిల్లలకీ రావచ్చట, రొమ్ము కేన్సర్‌గా. జెమీమా కోసం దాచారు కదా, ఇప్పుడు జెమీమా కోసమే చెప్పండి. శుక్రవారం అపాయింట్‌మెంట్. ఆలోపు పంపండి.

ఈ సంగతేదీ మీ తమ్ముడికి ఇంకా చెప్పలేదు. చెబితే నేను మాట పూర్తి చేసేలోపే మిమ్మల్ని క్షమించేస్తారు. అంత తేలిగ్గా మీకు క్షమాపణ దొరకడం నాకిష్టం లేదు.

అక్కకి నా వందనాలు. జెమీమాకి ముద్దులు.

ఇట్లు,
మిమ్మల్ని ఇప్పటికీ బావగారూ అనే పిలుస్తున్న
వసంతకుమారి

తా.క. పోస్ట్ చేయబోతూ ఆగాను. మీలాగా దాచడం నాకు చేతకాక ఆయన్ని కూర్చోబెట్టి ఉత్తరమంతా చదివి వినిపించాను. ఆయన ఆశ్చర్యపోలేదు. ఆపరేషన్‌కి ముందే అన్నయ్య నాకు చెప్పాడు అన్నారు. "నీకు తెలిస్తే చర్చి అంతా తెలుస్తుందని, నీ ముందు మాత్రం ఎత్తనని మాట తీసుకున్నాడు. డాక్టర్ అడిగినప్పుడు నువ్వు పక్కనే ఉన్నావు."

నేను ఆ గదిలో లేకపోతే నిజం చెప్పేవారా అని అడిగాను. చెప్పేవాణ్ణి అన్నారు.

ఉత్తరం చింపడం లేదు. ఇందులో మీకు చెందని కోపం ఎంతో ఇప్పుడు లెక్క తేల్చే ఓపిక నాకు లేదు. రిపోర్ట్ ఆయనకే పంపండి. శుక్రవారం డ్రైవ్ చేసేది నేనే, లోపలికి మాత్రం ఆయన్ని ఒక్కరినే పంపుతాను.