షైనీ కణాలు, నా సాక్ష్యం

జూన్ 4, మంగళవారం

ఏ దిగులైనా ప్రార్థనలో చెప్పుకోవడం నా అలవాటు. ఈ భయం దేవుడికి చెబితే అవిశ్వాసమవుతుందేమోనని పెన్ను పట్టాను.

మా షైనీకి ఏడాది వయసు నుంచి ఫిట్స్. ఇప్పుడు ఇరవై. పోయినేడు ఉప్పల్‌లో ఒక రీసెర్చ్ ల్యాబ్ వాళ్లు దాని రక్తం తీసుకున్నారు. అందులోని కణాలను వెనక్కి తిప్పి స్టెమ్ సెల్స్ చేశారట. అంటే ఇంకా ఏమీ కాని కణాలు. గాజు గిన్నెలో పెట్టి ఒక సిగ్నల్ ఇస్తే, మెదడు ముందుభాగంలో ఉండే, ‘ఉరుకు’ అని చెప్పే కణమవుతుంది. ఇంకోటి ఇస్తే ‘ఆగు’ అని చెప్పే కణమవుతుంది. ఆ రెండో సిగ్నల్ పేరు హెడ్జ్‌హాగ్ అట, ముళ్లున్న ఏదో జంతువు పేరు. షైనీలో ‘ఆగు’ అనేవే బలహీనమని, అందుకే ఫిట్స్ అని ఆ ల్యాబ్ డాక్టర్ గౌతమి అనుమానం.

దేవుడు చేసే పని మనుషులు చేయవచ్చా? ఇదే నా భయం. ఎవరినీ అడగలేదు.

షైనీకి నవ్వులాట. నా సెల్స్‌కు ఎప్పటికప్పుడు కొత్త తిండి పెడ్తున్రట మమ్మీ, నాకైతే రోజు గదే ఉప్మా, అంటుంది.

జూన్ 8, శనివారం

గౌతమి మేడమ్ ఫోన్ చేసింది. షైనీ కణాలు మంచిగ వచ్చినయమ్మా, మేమిచ్చిన సిగ్నల్ పట్టుకొని అన్నీ ‘ఆగు’ కణాలే అయినయి, అంది. తర్వాత ఇంకేదో చెబుతోంది. నేనప్పటికే మోకరించాను.

జూన్ 9, ఆదివారం

నాచారం చర్చిలో సాక్ష్యం చెప్పాను. నా గొంతు రెండో బెంచీకి కూడా వినపడదు. పాస్టర్ హెన్రీ గారు మైకు ఇచ్చారు. నా బిడ్డ బాగైందన్నాను. ఎంత చప్పట్లు! షైనీ ఏడ్చింది.

జూన్ 20, గురువారం

షైనీ మెట్రో మెట్ల మీద పడిపోయింది. ఫిట్స్. గడ్డానికి కుట్లు.

జూన్ 21

దాని ఫిట్స్ మాత్రల షీట్లు చించకుండా అట్లాగే ఉన్నాయి. ఏందిదని అడిగాను. నువ్వే గద మమ్మీ సాక్ష్యం చెప్పినవ్, ఇంక మాత్రలేసుకుంటే దేవుణ్ణి నమ్మనట్టే గాదా, అంది. నింద కూడా వేయలేదు. అదే నాకు ఎక్కువ భయమైంది.

మేడమ్‌కు ఫోన్ చేశాను. కణాలు పుట్టుడు వేరు, పని చేసుడు వేరమ్మా, రెండుసార్లు ఆగు అని మూడోసారికి అలిసిపోతున్నయి, అంది. అది గిన్నెల జరిగిన ముచ్చట, షైనీ లోపల ఏం మారలేదు, మాత్రలు మానొద్దని గా రోజే చెప్పిన గదా, అంది.

జూన్ 27

ఇంకా వేసుకోవడం లేదు. బతిమాలితే, చర్చి అంతా మనల్ని ఏమనుకుంటరు, అంటోంది. పాస్టర్ గారు ఆదివారం సాక్ష్యానికి షైనీనే స్టేజీ ఎక్కించమన్నారు. నేను వద్దని చెప్తానన్నాను. మా ఆయన పీటర్ నవ్వాడు. నీ గొంతు కుక్కర్ విజిల్‌కే మునిగిపోతది, నువ్వేం చెప్తవ్, అన్నాడు.

మళ్లీ పడితే, ఈసారి రోడ్డు మీద పడితే.

జూన్ 30, ఆదివారం

షైనీ పేరు పిలిచారు. అది లేచింది. దాని కంటే ముందు నేను నడిచాను. ఆపండి అన్నాను. నా బిడ్డకు ఫిట్స్ ఇంకా ఉన్నాయి, నేను తొందరపడి చెప్పాను, మాత్రలు కూడా దేవుడిచ్చినవే అన్నాను. ఏందన్నదీ అని వెనక నుంచి అడిగారు. మళ్లీ చెప్పాను. ఇంకా వినపడలేదన్నారు. మూడోసారి కూడా చెప్పాను.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

జూలై 1

పొద్దున షైనీ తనే చెయ్యి చాపింది. మాత్ర మింగింది. గదే ఉప్మానా, అంది.

ఆ గిన్నెలో అలిసిపోయే వాటి కోసం కూడా ప్రార్థించాను. ప్రభువా, నీకు చెప్పకూడదని రాసిన కాగితాలివి. నువ్వే దాచిపెట్టు. ఎవరికీ చూపించకు.