నాలుగు మూలలా పసుపు

గురువారం

దుకాణానికి ఇవ్వాల్సిన పుట్టినరోజు కార్డులు పన్నెండూ పాడయ్యాయి. రబ్బరు ముక్క మీద తంగేడు పువ్వు చెక్కి, నల్ల సిరాలో అద్ది, ఒక్కో కార్డు అంచు చుట్టూ అచ్చులు వేశాను. ఆరబెట్టి నీళ్లకు పోయి వచ్చేసరికి అత్తమ్మ అన్నింటికీ నాలుగు మూలలా పసుపు పూసేసింది!

"ఏంది అత్తమ్మా, గిట్ల చేసినవ్?"

"నల్లంచు జూస్తే చావు కబురనుకుంటరు బిడ్డా."

తుడిస్తే మరక ఇంకా పాకింది. రేపు ఏ మొహంతో ఇవ్వాలి?

పదమూడోదానికి మాత్రం పసుపు లేదు. అదే పువ్వు, అదే అంచు. మొన్న తండ్రి పోయిన నా స్నేహితురాలు, తెలకపల్లి సుజాత కోసం నేను చేసిన కార్డు అది. అత్తమ్మకు చదువు రాదు. అది చేస్తూ నేను కళ్లు తుడుచుకోవడం చూసి ఉంటుంది.

ఇక ఈమెను తిట్టేదెట్లా?